విధి నిర్వహణలో మరణించిన, గాయపడిన పోలీసుల రికార్డులు: సమాచార హక్కు చట్టం కింద ఎలా కోరాలి?

ఏటా అక్టోబరు 21న, పోలీసు అమరవీరుల సంస్మరణ దినం నాడు, దేశమంతటా పరేడ్ మైదానాలలో ఆ ఏడాది ప్రాణాలు కోల్పోయిన సిబ్బంది పేర్లు చదువుతారు. 1959లో అదే రోజున లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పులలో పది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మరణించిన ఘటనను స్మరిస్తూ ఈ ఆనవాయితీ ఏర్పడింది. ఆ జాబితా పుణ్యమా అని మరణాల లెక్క ఏడాదికోసారైనా ఒకచోటికి చేరుతుంది. అయితే ఒక్కో మరణం ఏ పరిస్థితులలో సంభవించింది, కుటుంబానికి ఏ ఉత్తర్వు ప్రకారం ఎంత అందింది, ఆ ఘటన తరువాత శాఖ ఏ జాగ్రత్తలు తీసుకుంది, అదే ఏడాది ఎంతమంది గాయపడి మంచాన పడ్డారు అన్న ప్రశ్నలకు అందులో జవాబు ఉండదు. ఆ జవాబులు జిల్లా పోలీసు కార్యాలయాల ఫైళ్లలో, హోం శాఖ ఉత్తర్వులలో, స్టేషన్ రికార్డులలో చెదిరి ఉంటాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వాటిని సమాచార హక్కు చట్టం, 2005 ద్వారా క్రమపద్ధతిలో రాబట్టదలచిన కుటుంబ సభ్యులకు, విలేకరులకు, పరిశోధకులకు ఈ మార్గదర్శి ఉద్దేశించినది.

మొదటి అడుగు: ఏ మరణాన్ని, ఏ కాలాన్ని లెక్కించాలో నిర్ణయించుకోవాలి

చాలా దరఖాస్తులు ఇక్కడే దెబ్బతింటాయి. “విధి నిర్వహణలో మరణించిన పోలీసులు ఎందరు?” అని ఒక్క వాక్యంలో అడిగితే, అధికారి తనకు తోచిన అర్థంలో ఒక అంకె ఇచ్చి చేతులు దులుపుకొనే అవకాశం ఉంది. పోలీసు శాఖ దృష్టిలో ఎదురుకాల్పులలో లేదా దాడిలో మరణించడం ఒకటి, బందోబస్తుకు వెళుతూ వాహన ప్రమాదంలో మరణించడం మరొకటి, డ్యూటీలో ఉండగా గుండెపోటుతో మరణించడం ఇంకొకటి. సర్వీసులో ఉన్న కాలంలో ఇంటివద్ద అనారోగ్యంతో మరణించడం వీటన్నిటికీ భిన్నమైనది. ఒక్కో తరగతికి వర్తించే ఎక్స్‌గ్రేషియా, పింఛను నిబంధనలు వేరు కాబట్టి ఫైళ్లు కూడా వేరుగానే నడుస్తాయి. జాతీయ నేర రికార్డుల సంస్థ, అంటే ఎన్‌సీఆర్‌బీ, తన వార్షిక ‘క్రైమ్ ఇన్ ఇండియా’ నివేదికలలో అనుసరించిన వర్గీకరణను దరఖాస్తులో వాడుకోవడం మంచిది: ఉగ్రవాద, తీవ్రవాద వ్యతిరేక చర్యలలో, దోపిడీ ముఠాలపై దాడులు, ఇతర సోదాలలో, అల్లరి మూకల చేతిలో, ఇతర నేరస్థుల చేతిలో, ప్రమాదాలలో. రాష్ట్రాల నుంచి ఎన్‌సీఆర్‌బీకి లెక్కలు వెళ్లింది ఈ శీర్షికల కిందే కాబట్టి, “ఈ విభజనతో మా వద్ద సమాచారం లేదు” అన్న జవాబు ఇవ్వడం అధికారికి కష్టమవుతుంది.

ఈ తరగతుల మధ్య గీత ప్రతిసారీ స్పష్టంగా ఉండదు. నక్సలైట్లను ఎదుర్కొనే ప్రత్యేక పోలీసు దళమైన గ్రేహౌండ్స్‌కు రూపమిచ్చిన ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ 1993 జనవరి 27న హైదరాబాదు ఎల్బీ స్టేడియంలో జాగింగ్ చేస్తుండగా నక్సలైట్ల తూటాలకు బలయ్యారు. ఆయన ఆ క్షణంలో డ్యూటీలో లేరు, కాని ఆయన మరణానికి కారణం ఆయన చేసిన ఉద్యోగమే. ఇటువంటి మరణాలు కూడా మీ లెక్కలోకి రావాలంటే “విధులలో ఉండగా లేదా విధి నిర్వహణ కారణంగా” అని దరఖాస్తులో స్పష్టంగా రాయాలి.

కాలం విషయంలో ఇంతకంటే పెద్ద గందరగోళం ఉంది. సంస్మరణ దినం జాబితా గత ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఈ ఏడాది ఆగస్టు 31 వరకు జరిగిన మరణాలను లెక్కిస్తుంది. ఎన్‌సీఆర్‌బీ జనవరి నుంచి డిసెంబరు వరకు లెక్కిస్తుంది. ఎక్స్‌గ్రేషియా చెల్లింపులు బడ్జెట్ పద్దుల ప్రకారం ఏప్రిల్ నుంచి మార్చి వరకు సాగే ఆర్థిక సంవత్సరంలో నమోదవుతాయి. పైగా ఒక ఏడాది మరణానికి చెల్లింపు మరుసటి ఏడాది జరగవచ్చు. ఈ మూడు లెక్కలను పక్కపక్కన పెట్టి తేడా కనిపించిందని శాఖ ఏదో దాచిందని ఆరోపించడం తొందరపాటు అవుతుంది. మీరు ఏ కాలం అడుగుతున్నారో తేదీలతో సహా రాయండి, వీలైతే ప్రతి మరణానికి తేదీ అడగండి. తేదీ చేతిలో ఉంటే ఏ పద్ధతిలోనైనా తిరిగి లెక్కించుకోవచ్చు.

రెండవ అడుగు: ఇప్పటికే బయట ఉన్నదాన్ని ముందు చదవాలి

దరఖాస్తు వేయకముందు ఒకటి రెండు రోజులు బహిరంగ వనరులకు కేటాయిస్తే తరువాత నెలల శ్రమ తగ్గుతుంది. ఎన్‌సీఆర్‌బీ పాత సంచికలన్నీ దాని వెబ్‌సైటులో ఉన్నాయి. లోక్‌సభ, రాజ్యసభ ప్రశ్నోత్తరాలలో వామపక్ష తీవ్రవాద ఘటనలలో మరణించిన భద్రతా సిబ్బంది లెక్కలు రాష్ట్రాలవారీగా తరచూ కనిపిస్తాయి. దిల్లీలోని చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న ప్రారంభమైన జాతీయ పోలీసు స్మారకంలోని శౌర్య కుడ్యంపై, స్వాతంత్ర్యం వచ్చిననాటి నుంచి అప్పటివరకు మరణించిన 34,844 మంది పేర్లు చెక్కారు. మీ బంధువు పేరు అక్కడ ఉందో లేదో తెలుసుకుంటే, శాఖ ఆ మరణాన్ని ఏ తరగతిలో గుర్తించిందన్న దానికి మొదటి ఆధారం దొరుకుతుంది.

ఎఫ్‌ఐఆర్ విషయంలో 2016 నాటి యూత్ బార్ అసోసియేషన్ కేసు తీర్పు గుర్తుంచుకోవాలి. సున్నితమైన కేసులు మినహా మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటలలో పోలీసు వెబ్‌సైటులో ఉంచాలని సుప్రీంకోర్టు అందులో ఆదేశించింది. తీవ్రవాద ఘటనల ఎఫ్‌ఐఆర్‌లు ఆ మినహాయింపులోకి పోతాయి కాని, రహదారి ప్రమాదాలు, బందోబస్తులో దాడులు వంటివి చాలావరకు దొరుకుతాయి. ఎఫ్‌ఐఆర్ నంబరు, స్టేషన్, తేదీ మూడూ మీ దరఖాస్తులో ఉంటే అధికారికి వెతుకులాట తగ్గుతుంది, “సమాచారం అస్పష్టంగా కోరారు” అనే సాకు కూడా మిగలదు.

మూడవ అడుగు: ఏ రికార్డు ఎవరి వద్ద ఉంటుందో గుర్తించాలి

సమాచార హక్కు చట్టం ఉన్న రికార్డును ఇప్పిస్తుంది, లేని రికార్డును తయారు చేయించదు. సీబీఎస్‌ఈ, ఆదిత్య బందోపాధ్యాయ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు 2011లో ఈ సంగతి తేల్చిచెప్పింది. అందువల్ల ప్రశ్నలు అడగడం మాని, రికార్డులను వాటి పేర్లతో అడగడం అలవాటు చేసుకోవాలి.

సంస్మరణ దినం జాబితా డీజీపీ కార్యాలయంలో సంకలనమవుతుంది. తెలంగాణకు అది హైదరాబాదులోని లక్డీకాపూల్, ఆంధ్రప్రదేశ్‌కు మంగళగిరి. ఎక్స్‌గ్రేషియా మంజూరు ఉత్తర్వులు సచివాలయంలోని హోం శాఖ నుంచి వెలువడతాయి. కారుణ్య నియామకం, పింఛను ప్రతిపాదనలు, సర్వీసు రిజిస్టరు ఆ ఉద్యోగి పనిచేసిన యూనిట్‌లో ఉంటాయి. అంటే సివిల్ పోలీసులైతే జిల్లా పోలీసు కార్యాలయంలో లేదా కమిషనరేట్‌లో, ప్రత్యేక పోలీసు విభాగమైతే ఆ బెటాలియన్ కమాండెంట్ కార్యాలయంలో వెతకాలి. ఎఫ్‌ఐఆర్, జనరల్ డైరీ నమోదు, శవపంచనామా, ఆ రోజు డ్యూటీ కేటాయింపు వివరాలు సంబంధిత స్టేషన్‌లో, పోస్టుమార్టం నివేదిక, గాయాల ధ్రువపత్రం ఆసుపత్రిలోనూ స్టేషన్‌లోనూ ఉంటాయి.

తెలుగు రాష్ట్రాలలో రెండు చిక్కులు ప్రత్యేకంగా ఎదురవుతాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక సిబ్బంది, ఫైళ్లు రెండు వైపులకూ పోయాయి. ఆపై 2016 అక్టోబరు 11న తెలంగాణలో, 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు పునర్వ్యవస్థీకరణకు లోనయ్యాయి. 2025 మే నెలలో మందుపాతర పేలి ముగ్గురు గ్రేహౌండ్స్ సిబ్బంది మరణించిన వాజేడు ప్రాంతం ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండేది, 2016లో జయశంకర్ భూపాలపల్లికి, తరువాత ములుగుకు మారింది. అక్కడి పదేళ్లనాటి ఘటనపై ములుగు ఎస్పీ కార్యాలయానికి మాత్రమే దరఖాస్తు పెట్టి ఊరుకుంటే “మా వద్ద లేదు” అన్న జవాబు రావచ్చు. పాత జిల్లా, కొత్త జిల్లా రెండింటికీ పంపడం ఉత్తమం.

రెండవది, ఘటన వేరే రాష్ట్రంలో జరిగిన సందర్భం. 2008 జూన్ 29న ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా బలిమెల జలాశయంలో పడవపై మావోయిస్టులు దాడి చేసినప్పుడు 38 మంది మరణించారు, వారిలో అత్యధికులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ జవాన్లు. అక్కడి ఎఫ్‌ఐఆర్, శవపంచనామా, దర్యాప్తు రికార్డులు ఒడిశా పోలీసులవి. సర్వీసు, ఎక్స్‌గ్రేషియా, పింఛను రికార్డులు మన రాష్ట్రాలవి. ఒకే దరఖాస్తుతో రెండూ రావు. ఒడిశాకు దరఖాస్తు చేసేవారు అక్కడి నిబంధనల ప్రకారం నిర్ణీత ఫారం నింపాలి, భాష ఒడియా, హిందీ లేదా ఇంగ్లీషు అయి ఉండాలి.

అటవీ, ఎక్సైజు శాఖల సిబ్బంది మరణాలు పోలీసు లెక్కలో చేరవు. ఎర్రచందనం స్మగ్లర్ల దాడుల వంటి అంశంపై పనిచేసేవారు ఆయా శాఖలకు విడిగా రాయాలి.

నాలుగవ అడుగు: గాయపడినవారి లెక్కను పరోక్ష రికార్డులతో పట్టుకోవాలి

మరణానికి జాబితా ఉంది, స్మారకం ఉంది, ఉత్తర్వు ఉంది. గాయానికి ఇవేవీ లేవు. రాళ్ల దెబ్బకు కన్ను పోయిన కానిస్టేబులు, మందుపాతరలో కాలు పోయిన హెడ్ కానిస్టేబులు, తనిఖీ కేంద్రం వద్ద లారీ ఢీకొని నడుము విరిగిన హోంగార్డు మర్నాటి పత్రికలో ఒక వార్తగా కనిపించి, ఆ తరువాత మరుగున పడతారు. ఈ అంశంపై రికార్డులు కోరేవారు ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది ఇక్కడేనని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే బతికి ఉన్నవారికి ఇంకా చేయగలిగింది ఉంటుంది.

“గాయపడినవారి జాబితా ఇవ్వండి” అని అడిగితే అటువంటి జాబితా నిర్వహించడం లేదన్న జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. అందుకు బదులుగా, గాయం వల్ల తప్పనిసరిగా పుట్టే కాగితాలను అడగాలి. మొదటిది సెలవు. విధి నిర్వహణ కారణంగా ఉద్దేశపూర్వకంగా కలిగించిన గాయానికి ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసు నిబంధనలలోని ఫండమెంటల్ రూల్ 83 కింద, ప్రమాదవశాత్తు తగిలిన గాయానికి 83ఏ కింద ప్రత్యేక అశక్తత సెలవు మంజూరవుతుంది. ఆ మంజూరు ఉత్తర్వులు ప్రతి జిల్లా పోలీసు కార్యాలయంలోనూ ఉండితీరాలి, వాటిలో గాయం తేదీ, సెలవు కాలం ఉంటాయి. రెండవది వైద్య ఖర్చు. పోలీసు సిబ్బంది వైద్యానికి ఉద్దేశించిన ‘ఆరోగ్య భద్రత’ పథకం కింద గాని, వైద్య ఖర్చుల తిరిగి చెల్లింపు కింద గాని విధి నిర్వహణ గాయాలకు మంజూరైన మొత్తాలను, పేర్లు లేకుండా అడగవచ్చు. మూడవది విధుల మార్పు. సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 సెక్షన్ 20(4) చెబుతోంది. ఆ సెక్షన్ కింద వేరే పోస్టులకు మార్చిన సిబ్బంది సంఖ్య, ఉత్తర్వుల ప్రతులు కోరితే శాశ్వత వైకల్యం లెక్క బయటికి వస్తుంది.

నాలగవది కేసులు. ప్రభుత్వ ఉద్యోగిపై దాడి చేసి గాయపరచడానికి పాత భారతీయ శిక్షాస్మృతిలో 332, 333, 353 సెక్షన్లు వర్తించేవి. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వాటి స్థానంలో 121, 132 సెక్షన్లు ఉన్నాయి. 2024కు సంబంధించి అడిగేటప్పుడు రెండు చట్టాల సెక్షన్లూ రాయకపోతే సగం ఏడాది లెక్క జారిపోతుంది. ఈ సెక్షన్లు రెవెన్యూ, విద్యుత్తు, రవాణా సిబ్బందిపై దాడులకు కూడా వర్తిస్తాయి కాబట్టి, “ఫిర్యాదుదారు లేదా బాధితులు పోలీసు సిబ్బంది అయిన కేసులు” అని పరిమితి విధించడం మరవకూడదు. హోంగార్డులు శాఖ పే స్కేళ్లలో ఉండరు, ఈ సెలవు నిబంధనల పరిధిలోకి రారు. వారి గురించి విడి అంశంగా అడగకపోతే వారు ఏ జవాబులోనూ కనిపించరు.

ఐదవ అడుగు: దరఖాస్తు రాయడం

తెలుగులో రాయవచ్చు, సెక్షన్ 6(1) ఆ ప్రాంత అధికార భాషను అనుమతిస్తుంది. చిరునామాలో అధికారి పేరు రాయవద్దు, “పౌర సమాచార అధికారి, జిల్లా పోలీసు కార్యాలయం” అని హోదా రాస్తే బదిలీలతో ఇబ్బంది ఉండదు. భారత పౌరుడినని ఒక వాక్యం చేర్చండి, ఎందుకంటే ఈ హక్కు పౌరులకు మాత్రమే ఉంది. విదేశీ పౌరసత్వం తీసుకున్న తెలుగువారు, ఓసీఐ (విదేశీ భారతీయ పౌరుడు) కార్డు ఉన్నప్పటికీ, ఇక్కడ ఉన్న బంధువు చేత దరఖాస్తు చేయించుకోవాలి.

జిల్లా పోలీసు కార్యాలయానికి రాసే దరఖాస్తు సారాంశం ఇలా ఉండవచ్చు:

“2019 జనవరి 1 నుంచి 2024 డిసెంబరు 31 వరకు ఈ జిల్లా యూనిట్‌కు చెందిన పోలీసు సిబ్బంది, హోంగార్డులు విధులలో ఉండగా లేదా విధి నిర్వహణ కారణంగా మరణించిన ప్రతి ఘటనకు సంబంధించి: మరణించిన తేదీ, హోదా, ఘటన జరిగిన స్టేషన్ పరిధి, కారణం (తీవ్రవాద చర్య, మూక దాడి, ఇతర నేరస్థుల దాడి, ప్రమాదం, అనారోగ్యం), ఎఫ్‌ఐఆర్ నంబరు, ఎక్స్‌గ్రేషియా మంజూరు ఉత్తర్వు నంబరు, తేదీ, మొత్తం. ఈ వివరాలు పట్టిక రూపంలో లేనట్లయితే, ప్రతి సంవత్సరం అక్టోబరు 21న జరిగే సంస్మరణ దినం కోసం డీజీపీ కార్యాలయానికి పంపిన నివేదికల ధ్రువీకృత ప్రతులు ఇవ్వగలరు. అదే కాలంలో ఫండమెంటల్ రూల్ 83, 83ఏ కింద ప్రత్యేక అశక్తత సెలవు మంజూరు చేసిన ఉత్తర్వుల ప్రతులను, వ్యక్తిగత వైద్య వివరాలు తొలగించి, సెక్షన్ 10 ప్రకారం ఇవ్వగలరు. సంబంధిత ఫైళ్లను సెక్షన్ 2(జె) కింద స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు.”

ఇందులో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. పట్టిక లేకపోతే ఏ ప్రతి ఇవ్వాలో ముందే చెప్పడం వల్ల “సమాచారం క్రోడీకరించి లేదు” అన్న తిరస్కరణకు దారి మూసుకుపోతుంది. వ్యక్తిగత వివరాలు తొలగించి ఇవ్వమనడం వల్ల మొత్తం పత్రాన్ని నిరాకరించడం కష్టమవుతుంది. ఫైళ్ల పరిశీలన కోరడం వల్ల ప్రతుల పరిమాణం ఎక్కువన్న అభ్యంతరానికి ప్రత్యామ్నాయం సిద్ధంగా ఉంటుంది. ఒక్క దరఖాస్తులో నాలుగైదు అంశాలకు మించి పెట్టవద్దు. మరణాలపై ఒకటి, గాయాలపై మరొకటి వేస్తే, ఒకదానిపై తిరస్కరణ రెండవదాన్ని ఆపదు.

“ఎందుకు సరైన రక్షణ కవచాలు ఇవ్వలేదు?” వంటి ప్రశ్నలు వేయకూడదు. అభిప్రాయాలు, సంజాయిషీలు సమాచారం కిందికి రావు. అదే విషయాన్ని “ఆ యూనిట్‌కు ఆ సంవత్సరం జారీ చేసిన బుల్లెట్ నిరోధక కవచాల స్టాకు రిజిస్టరు పేజీలు” అని అడిగితే రికార్డు అవుతుంది, అయితే దానిపై భద్రతా కారణాల అభ్యంతరం రావచ్చని సిద్ధపడి ఉండాలి.

మరణించినవారి కుటుంబ సభ్యులకు మరొక బలమైన ఆయుధం ఉంది. ఎక్స్‌గ్రేషియా గాని కారుణ్య నియామకం గాని తిరస్కరించినట్లయితే, సెక్షన్ 4(1)(డి) ప్రకారం నిర్ణయం వల్ల ప్రభావితమైన వ్యక్తికి కారణాలు తెలపవలసిన బాధ్యత కార్యాలయంపై ఉంది. ఆ సెక్షన్‌ను పేర్కొంటూ, ఫైలులోని నోట్‌షీట్ల (అధికారులు తమ అభిప్రాయాలు, నిర్ణయాలు రాసిన పుటల) ప్రతులు కోరండి, తహసీల్దారు ఇచ్చిన కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ప్రతి జతచేయండి.

ఆరవ అడుగు: రుసుము, పంపడం, గడువు

రెండు రాష్ట్రాలలోనూ మండల స్థాయికి పైన ఉన్న కార్యాలయాలకు దరఖాస్తు రుసుము 10 రూపాయలు, మామూలు పరిమాణం పేజీకి ప్రతి రుసుము 2 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆధారం జతచేస్తే రుసుము ఉండదు. రికార్డుల పరిశీలనకు మొదటి గంట ఉచితం. నేరుగా ఇచ్చేటట్లయితే రెండవ ప్రతిపై ముద్ర, తేదీ వేయించుకోండి. తపాలాలో అయితే స్పీడ్ పోస్టు రసీదును, చేరినట్లు చూపే ట్రాకింగ్ పేజీని భద్రపరచండి. కేంద్ర హోం శాఖకు, ఎన్‌సీఆర్‌బీకి ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా 10 రూపాయలతో దరఖాస్తు చేయవచ్చు, అక్కడ పాఠం 3,000 అక్షరాలు మించితే జతపత్రంగా ఎక్కించాలి.

దరఖాస్తు అందిన రోజు నుంచి 30 రోజులలో జవాబు రావాలి. సమాచారం వేరే కార్యాలయంలో ఉంటే 5 రోజులలో బదిలీ చేయాలని సెక్షన్ 6(3) చెబుతుంది. కాని అది అనేక కార్యాలయాలలో చెదిరి ఉంటే అన్నిటికీ బదిలీ చేయనవసరం లేదని కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ మార్గదర్శకం ఉంది. డీజీపీ కార్యాలయానికి ఒకే దరఖాస్తు వేసి అన్ని జిల్లాల వివరాలూ వస్తాయని ఆశించకూడదన్నమాట. ప్రతుల రుసుము కట్టమని లేఖ వస్తే ఆలస్యం చేయవద్దు, లేఖ పంపిన రోజు నుంచి మీరు చెల్లించే రోజు వరకు గడువు లెక్కలోకి రాదు. 30 రోజులు దాటిన తరువాత ఇచ్చే సమాచారానికి సెక్షన్ 7(6) ప్రకారం రుసుము అడగరాదు.

ఏడవ అడుగు: తిరస్కరణలను ఎదుర్కోవడం

పోలీసు శాఖ నుంచి సాధారణంగా నాలుగు రకాల తిరస్కరణలు వస్తాయి, నాలుగింటికీ జవాబు ఉంది.

దర్యాప్తు సాగుతోందన్నది మొదటిది. సెక్షన్ 8(1)(హెచ్) వర్తించాలంటే ఆ సమాచారం దర్యాప్తుకు ఏ విధంగా ఆటంకమో అధికారి చూపాలని, దర్యాప్తు జరుగుతోందన్న ఒక్క మాట చాలదని దిల్లీ హైకోర్టు భగత్ సింగ్ కేసులో 2007లో చెప్పింది. మరణించినవారి హోదా, తేదీ, ఎక్స్‌గ్రేషియా మొత్తం వెల్లడిస్తే ఏ దర్యాప్తూ దెబ్బతినదు. అభియోగపత్రం విషయం వేరు. అది బహిరంగ పత్రం కాదని సుప్రీంకోర్టు 2023లో సౌరవ్ దాస్ కేసులో తీర్పు ఇచ్చింది. కోర్టు ఫైలులోని పత్రాలను కూడా సమాచార హక్కు చట్టం కింద కాక, కోర్టు నిబంధనల ప్రకారం కాపీ దరఖాస్తు వేసి తీసుకోవాలని 2020లో గుజరాత్ హైకోర్టుకు సంబంధించిన కేసులో తేల్చింది.

రెండవది భద్రత. సెక్షన్ 8(1)(ఏ), 8(1)(జి) కింద గాని, లేదా నిఘా, భద్రతా సంస్థలను మినహాయించే సెక్షన్ 24 కింద గాని ఈ అభ్యంతరం వస్తుంది. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్ వంటి కేంద్ర బలగాలు రెండవ షెడ్యూలులో ఉన్నాయి, రాష్ట్రాలు తమ విభాగాలను సెక్షన్ 24(4) కింద నోటిఫై చేస్తాయి. అటువంటి విభాగానికి నేరుగా రాయడం కంటే, మినహాయింపు లేని హోం శాఖకు రాసి చెల్లింపు ఉత్తర్వులు కోరడం ఫలితమిస్తుంది. అవినీతి, మానవ హక్కుల ఉల్లంఘన ఆరోపణలకు మినహాయింపు వర్తించదన్న నిబంధన కూడా అదే సెక్షన్‌లో ఉంది. నాసిరకం వాహనాలు, కవచాల కొనుగోలులో అవినీతి జరిగిందన్న ఆరోపణ ఉంటే దానిని స్పష్టంగా ప్రస్తావించాలి.

మూడవది వ్యక్తిగత సమాచారం. ఇప్పుడు దీనిని దాటడం అన్నిటికంటే కష్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 ద్వారా చేసిన సవరణ 2025 నవంబరులో అమలులోకి వచ్చి, సెక్షన్ 8(1)(జె)ని వ్యక్తిగత సమాచారం ఏదైనా నిరాకరించగలిగేంత విస్తృతం చేసింది. శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించరాదన్న పాత రక్షణ పోయింది. ఈ సవరణ ప్రజల హక్కును కుదించిందని నేను భావిస్తున్నాను, అయినా మిగిలిన దారిని వాడుకోక తప్పదు. ప్రజాప్రయోజనం ఎక్కువైతే సమాచారం ఇవ్వవచ్చన్న సెక్షన్ 8(2) చెక్కుచెదరలేదు. సాధారణంగా దరఖాస్తుకు కారణం చెప్పనవసరం లేదని సెక్షన్ 6(2) అంటుంది కాని, ఈ అంశంలో మాత్రం ప్రజాధనం చెల్లింపు, సిబ్బంది భద్రత, కుటుంబాలకు సమాన న్యాయం అనే మూడు కారణాలను దరఖాస్తులోనే రెండు వాక్యాలలో రాయడం తెలివైన పని. పేర్లు మీకు నిజంగా అవసరం కాకపోతే అడగకండి. హోదా, తేదీ, స్థలం, మొత్తం చాలు.

నాలుగవది కాలం చెల్లిన రికార్డు. పాతవి ధ్వంసం చేశామంటే, ఏ నిల్వ నిబంధన ప్రకారం, ఏ ఉత్తర్వుతో ధ్వంసం చేశారో ఆ ప్రతి అడగాలి. పాతదనం ఒక విధంగా మీకు మేలు కూడా చేస్తుంది. 20 ఏళ్లు దాటిన ఘటనలకు సెక్షన్ 8(3) ప్రకారం దర్యాప్తు, వ్యక్తిగత సమాచారం వంటి అభ్యంతరాలు వర్తించవు, దేశ భద్రత వంటి కొన్ని మాత్రమే మిగులుతాయి. 1993 నాటి వ్యాస్ హత్యపై గాని, 1999 సెప్టెంబరు 4న హైదరాబాదు ఎస్.ఆర్. నగర్‌లో జరిగిన ఐపీఎస్ అధికారి ఉమేశ్‌చంద్ర హత్యపై గాని రికార్డులు కోరేవారు ఈ సెక్షన్‌ను తప్పక ఉదహరించాలి. బలిమెల ఘటన 2028 జూన్ తరువాత దీని పరిధిలోకి వస్తుంది.

ఎనిమిదవ అడుగు: అప్పీళ్లు

జవాబు రాకపోయినా, అసంపూర్ణంగా వచ్చినా 30 రోజులలో అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజులలో, కారణాలు రాసి 45 రోజులలో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలో రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు వేయవచ్చు. కమిషన్‌లో వాయిదా రావడానికి చాలా కాలం పట్టవచ్చు కాబట్టి, తొలి దరఖాస్తు నుంచి ప్రతి కాగితాన్నీ తేదీల వరుసలో ఉంచండి. నిరాకరణ సరైనదని రుజువు చేయవలసిన భారం సెక్షన్ 19(5) ప్రకారం అధికారిపైనే ఉంటుంది, విచారణలో ఈ మాట మీరే గుర్తుచేయాలి. అకారణ జాప్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున గరిష్ఠంగా 25,000 రూపాయల జరిమానా విధించే అధికారం కమిషన్‌కు ఉంది.

సమాచారం వచ్చాక దానిని ప్రచురించేవారికి ఒక విన్నపం. పొరపాటున తొలగించకుండా పంపిన ఇంటి చిరునామాలు, ఫోను నంబర్లు, వైద్య నివేదికలు మీ చేతికి రావచ్చు. ఏజెన్సీ గ్రామాలలో నివసించే కుటుంబాలకు అవి ప్రమాదం తేగలవు. వాటిని ప్రచురించకండి. గాయపడి బతికి ఉన్నవారి వివరాలు వారి సమ్మతి లేకుండా బయట పెట్టకండి.

రెండవ అప్పీలులో కోరే ఆదేశాలలో మీకు కావలసిన పత్రాలతో పాటు మరొకటి చేర్చండి. కొన్ని రకాల సమాచారాన్ని కార్యాలయం తనంతట తానే ప్రచురించేలా ఆదేశించే అధికారం సెక్షన్ 19(8)(ఏ) కింద కమిషన్‌కు ఉంది. విధి నిర్వహణలో మరణించిన, గాయపడిన సిబ్బంది సంఖ్యను కారణం, హోదా, జిల్లాల వారీగా, హోంగార్డులను విడిగా చూపుతూ, ప్రతి ఏటా అక్టోబరు 21 నాటికి డీజీపీ కార్యాలయం వెబ్‌సైటులో పెట్టాలని ఆదేశించవలసిందిగా కోరండి. ఆదేశం వెలువడితే దాని ప్రతిని డీజీపీ కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపి, అమలుకు విధించిన గడువు దాటిన వెంటనే సెక్షన్ 18 కింద కమిషన్‌కు ఫిర్యాదు చేయండి.